స్కూటర్‌కి బయట బ్యాటరీ వేయించాలనుకుంటున్నా. సర్టిఫికెట్ ఉందంటున్నారు, ఏది చూసి నమ్మాలి?

నాగోల్ రైడర్:
అందరికీ నమస్కారం. నా ఎలక్ట్రిక్ స్కూటర్ కొని నాలుగేళ్లు దాటింది. మొదట్లో బాగానే నడిచింది. ఇప్పుడు నాగోల్ నుంచి అమీర్‌పేట పోయి వచ్చేలోపే చార్జింగ్ అడుగంటుతోంది. బ్యాటరీ అయిపోయినట్టే అన్నారు సర్వీస్ సెంటర్ వాళ్లు. కొత్త ప్యాక్‌కి వాళ్లు చెప్పిన రేటు వింటే సగం బండి కొన్నట్టే ఉంది. రాణీగంజ్ వైపు ఒక షాపులో అడిగితే దాంట్లో సగం కన్నా తక్కువకే, ఎక్కువ కెపాసిటీతో, ఏడాది వారంటీతో ఇస్తామన్నారు. "సర్టిఫికెట్ ఉందా?" అంటే లామినేషన్ చేసిన కాగితం చూపించారు. దాని మీద సీఈ, రోహెచ్ఎస్, ఐఎస్ఓ 9001, యూఎన్ 38.3 అని ముద్రలు వరసగా ఉన్నాయి. కింద "100% సేఫ్" అని ఉంది.

మాది ఐదంతస్తుల అపార్ట్‌మెంట్. బండి సెల్లార్‌లో చార్జింగ్ పెడతాను. పైన మూడో అంతస్తులో అమ్మానాన్న, పిల్లలు ఉంటారు. డబ్బు మిగిలితే మంచిదే కానీ రాత్రిళ్లు టెన్షన్ పడుతూ పడుకోలేను. తెలిసినవాళ్లు చెప్పండి.

టెస్ట్ బెంచ్:
నేను బ్యాటరీ టెస్టింగ్ పనిలో ఉన్నాను, అందుకే కొంచెం వివరంగా రాస్తున్నా. మీకు చూపించిన ముద్రల్లో ఏ ఒక్కటీ "ఈ ప్యాక్ బండిలో పెడితే సురక్షితం" అని చెప్పదు.

సీఈ అంటే యూరప్‌లో అమ్మడానికి వేసే గుర్తు. చాలా వస్తువులకు తయారీదారు తనంతట తనే ప్రకటించుకుని వేసుకోవచ్చు. మన దేశంలో అమ్మకానికి దానికి చెల్లుబాటు లేదు. రోహెచ్ఎస్ అంటే సీసం, కాడ్మియం, పాదరసం లాంటి పదార్థాలు పరిమితికి మించి లేవని. మంటలకూ దానికీ సంబంధం లేదు. ఐఎస్ఓ 9001 కంపెనీ పని పద్ధతికి ఇచ్చేది, వస్తువుకి కాదు. యూఎన్ 38.3 కొంచెం గట్టిదే. కంపనం, ఎత్తు, షార్ట్ సర్క్యూట్ పరీక్షలన్నీ అందులో ఉంటాయి. కానీ అది బ్యాటరీని విమానంలోనో ఓడలోనో పంపేటప్పుడు ప్రమాదం రాకుండా చూసేది. నాలుగేళ్ల పాటు హైదరాబాద్ ఎండలో, గుంతల్లో, వానల్లో తిరిగే ప్యాక్ గురించి అది ఏమీ చెప్పదు.

మీరు అడగాల్సింది ఏఐఎస్-156. టూవీలర్, త్రీవీలర్ బ్యాటరీలకు మన దేశంలో వర్తించే ప్రమాణం అది. కార్లు, బస్సులకు ఏఐఎస్-038. పుణెలోని ఏఆర్ఏఐ, మనేసర్‌లోని ఐక్యాట్ లాంటి గుర్తింపు ఉన్న సంస్థలు పరీక్షించి రిపోర్టు ఇస్తాయి. ఆ రిపోర్టులో తయారీదారు పేరు, ప్యాక్ మోడల్, వోల్టేజి, ఆంపియర్ అవర్ (కెపాసిటీ), లోపలి సెల్ (ప్యాక్‌లో జత చేసే చిన్న బ్యాటరీ) ఏ కంపెనీది, బీఎంఎస్ (చార్జింగ్ హద్దు దాటకుండా ఆపే సర్క్యూట్) ఏ రకం అన్నీ రాసి ఉంటాయి. మీ చేతికి వచ్చే ప్యాక్ స్టిక్కర్ మీద ఉన్నవి వాటితో అక్షరం పొల్లుపోకుండా కలవాలి. కలవకపోతే ఆ రిపోర్టు ఇంకో బ్యాటరీది.

డెలివరీ అన్న:
సార్, ఒక డౌట్. నేను నడిపేది కిరాయికి తీసుకున్న చిన్న ఎలక్ట్రిక్ బండి. నంబర్ ప్లేట్ లేదు, లైసెన్స్ అడగరు. దానికి ఇవన్నీ వర్తిస్తాయా? మా రూమ్‌లో ఐదుగురం ఉంటాం. అందరం బ్యాటరీలు పైకి తెచ్చుకుని మంచాల పక్కనే చార్జింగ్ పెట్టుకుంటాం.

టెస్ట్ బెంచ్:
తమ్ముడూ, ముందు ఆ బ్యాటరీలు మంచాల పక్క నుంచి, గుమ్మం దగ్గర నుంచి తీసేయండి. అంటుకుంటే బయటికి పోయే దారిలో అది ఉండకూడదు. మిగతా విషయం తర్వాత.

మోటారు పవర్ 250 వాట్ల లోపు, వేగం గంటకు 25 కిలోమీటర్ల లోపు ఉంటే కేంద్ర మోటారు వాహనాల నిబంధన 2(యు) కింద దాన్ని మోటారు వాహనంగా లెక్కపెట్టరు. అందుకే రిజిస్ట్రేషన్, లైసెన్స్ లేవు. ఆ మినహాయింపుకి కూడా గుర్తింపు పొందిన సంస్థ పరీక్షించి ఇచ్చిన కాగితం ఉండాలి. దాని కాపీ కిరాయికిచ్చినాయనను అడుగు. బండి 40 స్పీడు పోతోందంటే అది ఆ మినహాయింపులోకి రాదు, ఎవరో కంట్రోలర్ మార్చినట్టే.

ప్యాక్ మేకర్ చర్లపల్లి:
నాది చిన్న అసెంబ్లీ యూనిట్. ఇక్కడ మమ్మల్నందరినీ దొంగల్లా చూస్తున్నారేమో అనిపించి రాస్తున్నా.

చాలామంది పాత బండ్ల వాళ్లు మా దగ్గరికి వచ్చేది చవక కోసం మాత్రమే కాదు. కొన్ని కంపెనీలు మూతపడ్డాయి, కొన్ని పాత మోడల్‌కి ప్యాక్ చేయడమే ఆపేశాయి. బండి మూలన పడేయాలా? నేను సెల్స్ బిల్లుతో కొంటాను. ఒక్కో సెల్ ఇంటర్నల్ రెసిస్టెన్స్ చూసి జత చేస్తాను. హోల్డర్లు, ఫ్యూజు, టెంపరేచర్ సెన్సర్లు పెడతాను. మరి పూర్తి టెస్టింగ్‌కి ఎందుకు పోను? ఒక్కో మోడల్‌కి చాలా ప్యాక్‌లు ఇచ్చేయాలి. వాళ్లు వాటిని కాలుస్తారు, ముంచుతారు, కింద పడేస్తారు. వెనక్కి రావు. మా దగ్గర రకరకాల బండ్లకు రకరకాల సైజులు. ఒక్కో సైజుకి అంత ఖర్చు పెట్టి, నెలకు పదో పదిహేనో అమ్మితే బతికేదెట్లా? పెద్ద కంపెనీలను దృష్టిలో పెట్టుకుని రాసిన రూల్స్ ఇవి.

రైడర్ అన్నా, మీరు కొన్నా కొనకపోయినా ఒక మాట. డబ్బా మూత బిగించకముందు చూపించమని అడగండి. సెల్స్ అన్నిటి మీద ఒకే బ్యాచ్ కోడ్ ఉందా చూడండి. పాత లాప్‌టాప్, పాత బండి సెల్స్‌కి కొత్త పీవీసీ స్లీవ్ తొడిగి అమ్మేవాళ్లు ఉన్నారు. సెల్ నెగటివ్ వైపు పాత వెల్డింగ్ చుక్కలు, గీకిన మరకలు కనిపిస్తే వెంటనే లేచి వచ్చేయండి. సెల్స్‌ని ఒకదానికొకటి జిగురుతో అంటించి టేపు చుట్టినా అంతే.

టెస్ట్ బెంచ్:
చర్లపల్లి అన్నా, మీరు చెప్పిన జాగ్రత్తలన్నీ నిజం. మీలా పనిచేసేవాళ్లు ఉండాలి కూడా. కానీ ఒక తేడా చెప్పాలి. చేతిపని ఎంత శుభ్రంగా ఉన్నా, లోపల ఒక సెల్ చెడిపోతే మిగతావి ఏం చేస్తాయో కంటితో చూసి చెప్పలేం.

థర్మల్ ప్రొపగేషన్ టెస్ట్ అని ఒకటి ఉంది. ప్యాక్ మధ్యలో ఒక సెల్‌ని కావాలని వేడి చేసి పాడు చేస్తాం. అందరం అడ్డుగోడ వెనక నిలబడి స్క్రీన్ మీద ఉష్ణోగ్రతలు చూస్తుంటాం. వేడి పెట్టిన సెల్ గీత మెల్లగా ఎక్కుతూ ఎక్కుతూ ఒక్కసారిగా నిట్టనిలువుగా లేస్తుంది. 'టప్' మని చప్పుడు, సన్నగా ఈల, తెల్లటి పొగ. అందరి కళ్లూ పక్క సెల్ గీత మీదే. మంచి డిజైన్‌లో అది కొంత ఎక్కి నిలబడి, తర్వాత దిగుతుంది. చెడ్డ డిజైన్‌లో కాసేపటికి రెండోది, తర్వాత మూడూ నాలుగూ కలిసి పోతాయి. ఆ తర్వాత లెక్కపెట్టలేం. పైనుంచి చూస్తే రెండు ప్యాక్‌లూ ఒకేలా ఉంటాయి. సెల్స్ మధ్య ఎడం, మధ్యలో వేసే పదార్థం, గ్యాస్ బయటికి పోయే వెంట్ ఎటు తిరిగి ఉంది, వీటిలోనే ప్రాణం ఉంది.

ఈ పరీక్ష మన బ్యాటరీలకు గట్టిగా వచ్చిందే 2022లో ఎలక్ట్రిక్ స్కూటర్లు అంటుకున్న ప్రమాదాల తర్వాత. కేంద్రం వేసిన నిపుణుల కమిటీకి అధ్యక్షత వహించింది మన బాలాపూర్‌లోని ఏఆర్‌సీఐ అనే పరిశోధన సంస్థ అప్పటి డైరెక్టర్ టాటా నరసింగరావు గారు. ఆ సిఫార్సులతో ఏఐఎస్-156ని సవరించి, మొదటి దశను 2022 డిసెంబర్ 1 నుంచి, రెండో దశను 2023 మార్చి 31 నుంచి అమలు చేశారు. థర్మల్ ప్రొపగేషన్, ప్రెషర్ వెంట్, బ్యాటరీ వేడెక్కితే శబ్దంతో, లైటుతో హెచ్చరిక, సెల్స్ ఎక్కడి నుంచి వచ్చాయో జాడ తెలియడం, ఇవన్నీ అందులో ఉన్నాయి. కాబట్టి ఎవరైనా పాత తేదీ రిపోర్టు చూపిస్తే ఏ సవరణ ప్రకారం టెస్ట్ చేశారో కూడా చూడండి.

సెక్రటరీ, సి బ్లాక్:
నిజాంపేటలో మా అపార్ట్‌మెంట్‌కి సెక్రటరీని. సికింద్రాబాద్‌లో 2022 సెప్టెంబర్ 12న జరిగింది ఇంకా కళ్ల ముందే ఉంది. కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూం, పైన లాడ్జి. 8 మంది పోయారు. పొగ మెట్ల దారిన పైకి ఎక్కింది. అప్పటి నుంచి మా మీటింగ్‌లో ప్రతిసారీ ఇదే గొడవ. సగం మంది సెల్లార్‌లో చార్జింగ్ పూర్తిగా బంద్ చేయాలంటారు. మిగతా సగం "రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు మాఫీ అని ప్రభుత్వమే కొనమంటుంటే మీరెవరు ఆపడానికి?" అంటారు. ఆపితే పిల్లలు వైరు బాల్కనీ నుంచి కిందికి వేలాడదీస్తారు, లేదా బ్యాటరీ ఇంట్లోకి తెస్తారు. అది ఇంకా ప్రమాదం. నేనేం చేయాలి?

టెస్ట్ బెంచ్:
బంద్ చేయకండి సార్, చోటు మార్చండి. మెట్లకు, లిఫ్టుకు, గ్యాస్ సిలిండర్లకు, జనరేటర్ డీజిల్‌కు దూరంగా, వీలైతే సెల్లార్‌లో కాకుండా గాలి ఆడే ఓపెన్ పార్కింగ్‌లో ఒక మూల కేటాయించండి. దానికి వేరే లైను, వేరే ఎంసీబీ, ఎర్త్ లీకేజీ బ్రేకర్, సరైన ఎర్తింగ్ పెట్టించండి. ఎక్స్‌టెన్షన్ బోర్డులు వద్దు. ఇంకోటి, లిథియం బ్యాటరీ మంట ఆరినట్టు కనిపించినా లోపలి వేడితో మళ్లీ అంటుకుంటుంది. దానికి కావాల్సింది చాలా నీళ్లు. అది ఫైర్ ఇంజిన్ పని. వాచ్‌మన్‌ని డ్రై పౌడర్ సిలిండర్ పట్టుకుని దగ్గరికి పోవద్దని చెప్పండి. ముందు మెయిన్ ఆపడం, అందర్నీ మెట్ల మీదుగా బయటికి పంపడం, 101కి ఫోన్ చేయడం. ఆ పొగ విషం. పీల్చకూడదు.

శాంతినగర్ టీచర్:
ఇంత వివరంగా చెబుతున్నందుకు థాంక్స్ అండీ. మా అబ్బాయి బండి చార్జర్ పాడైతే స్నేహితుడి దగ్గర ఇంకోటి తెచ్చాడు. ప్లగ్ సరిగ్గా పట్టింది, రెండింటి మీదా 48 వోల్ట్ అనే ఉంది, చార్జింగ్ కూడా అవుతోంది. అయినా నాకెందుకో భయంగా ఉంది. చదువుకున్నవాణ్ణి, నాకు తెలుసు అంటాడు.

ప్యాక్ మేకర్ చర్లపల్లి:
మేడం, ఇవాళే ఆపించండి. ప్లగ్ పట్టడం, 48 అని రాసి ఉండడం లెక్కలోకి రావు. ఎన్ఎంసీ, ఎల్ఎఫ్‌పీ అంటే లిథియం బ్యాటరీల్లో రెండు రకాలు. 13 సెల్స్ వరసలో (13ఎస్) ఉండే ఎన్ఎంసీ ప్యాక్‌ని 48 వోల్ట్ అనే అంటారు. దాని ఫుల్ చార్జి 54.6 వోల్టులు. 16 సెల్స్ వరసలో ఉండే ఎల్ఎఫ్‌పీ ప్యాక్‌ని కూడా బజార్లో 48 అనే అమ్ముతారు. దాని చార్జర్ 58.4 వరకు పోతుంది. రెండో చార్జర్‌ని మొదటి ప్యాక్‌కి పెడితే ఒక్కో సెల్‌కి దాదాపు 4.49 వోల్టులు. ఆ సెల్ తట్టుకునేది 4.2. అప్పుడు మధ్యలో ఆపగలిగేది బీఎంఎస్ ఒక్కటే. అది పనిచేస్తున్నంతసేపే మీ అదృష్టం. చార్జర్ వెనక స్టిక్కర్ మీద "అవుట్‌పుట్" అని ఉన్న అంకె చూసి ఇక్కడ రాయండి, ప్యాక్ స్టిక్కర్ ఫొటో కూడా పెట్టండి.

శాంతినగర్ టీచర్:
చార్జర్ మీద అవుట్‌పుట్ 58.4 అని ఉంది. బ్యాటరీ మీద ఎన్ఎంసీ, 13ఎస్ అని చిన్న అక్షరాల్లో ఉంది. ఆ చార్జర్ తీసి బీరువాలో పెట్టి తాళం వేశాను. మీ మెసేజ్ అబ్బాయికి చూపించాను. తనే లెక్క వేసుకుని చూసి, మారు మాట్లాడలేదు. రేపు కంపెనీ చార్జర్‌కి ఆర్డర్ పెడతానన్నాడు.

రాయదుర్గం హార్డ్‌వేర్:
చర్చ చాలా ఉపయోగంగా ఉంది. నేను ఇంకో కోణం చెప్తాను. మాది చిన్న స్టార్టప్. ఇంట్లో పెట్టే బ్యాటరీ డబ్బా, వైఫైతో ఫోన్‌కి కలిసేది, చేస్తున్నాం. ఇలాంటి కొత్త వస్తువుకి పేరు పెట్టి ఒక ప్రమాణం ఉండకపోవచ్చు. అప్పుడు "రూల్ లేదు కాబట్టి టెస్ట్ అక్కర్లేదు" అనేవాళ్లను చూశాను. నాకది అస్సలు నచ్చదు.

పాత ప్రమాణాలు వస్తువు పేరు పట్టుకుని నడిచేవి. కంప్యూటర్ సామానుకి ఒకటి, టీవీకి ఒకటి. ఇప్పుడు వాటి స్థానంలోకి వస్తున్న ఐఈసీ 62368-1 అనే అంతర్జాతీయ ప్రమాణం వస్తువు పేరు అడగదు. ఇందులో శక్తి ఎక్కడెక్కడ ఉంది, అది మనిషికి ఏ దారిన తగులుతుంది, మధ్యలో ఏ అడ్డు పెట్టావు అని అడుగుతుంది. కరెంటు, వేడి, కదిలే భాగాలు, రసాయనాలు, ఒక్కోదానికీ ఇదే ప్రశ్న. ఒక అడ్డు పోతే రెండోది నిలబడుతుందా అని కూడా. మా డబ్బాకి డిజైన్ మొదటి రోజుల్లోనే ఈ ప్రశ్నలు వేసుకున్నాం. అంతా అయ్యాక ల్యాబ్‌కి తీసుకెళ్తే ఖర్చు రెట్టింపు అవుతుంది. చర్లపల్లి అన్న చెప్పిన ఖర్చు బాధ మాకూ ఉంది. కానీ దానికి మందు పరీక్ష మానేయడం కాదు. నాలుగు చిన్న యూనిట్లు కలిసి ఒకే ప్యాక్ డిజైన్ మీద ఒకే రిపోర్టు తెచ్చుకునే దారి ఉండాలి. దానికోసం ప్రభుత్వాన్ని అడగాలి.

అసలు నన్ను భయపెట్టేది సాఫ్ట్‌వేర్. ఇప్పుడు చాలా బీఎంఎస్‌లకు బ్లూటూత్ ఉంది. ఫోన్‌లో యాప్ తెరిస్తే ఎన్ని వోల్టుల దగ్గర చార్జింగ్ ఆపాలి అనేది ఒక గడిలో అంకె. ఫ్యాక్టరీలో పెట్టిన పాస్‌వర్డ్‌ని చాలామంది మార్చరు. "కొంచెం ఎక్కువ రేంజ్ వస్తుంది భయ్యా" అని ఆ అంకె పెంచేవాళ్లు ఉన్నారు. ల్యాబ్‌లో పాసైన ప్యాక్ అదే, సెల్స్ అవే, స్టిక్కర్ అదే. కానీ పరీక్షించిన వస్తువు మాత్రం అది కాదు.

టెస్ట్ బెంచ్:
ఇది నూటికి నూరుపాళ్లు నిజం. సీసీ కెమెరాల విషయంలో ప్రభుత్వం ఈ సంగతి గుర్తించింది. 2025 ఏప్రిల్ 9 నుంచి షాక్ కొట్టదు అంటే సరిపోదు, సాఫ్ట్‌వేర్ భద్రత పరీక్ష కూడా పాస్ కావాలి. బ్యాటరీ బీఎంఎస్‌లకు కూడా ఆ పట్టుదల రావాలి. పాస్‌వర్డ్ లేకుండా చార్జింగ్ హద్దు మార్చగలిగే బీఎంఎస్‌ని నేనైతే ఇంట్లోకి రానివ్వను.

డెలివరీ అన్న:
సార్, పవర్ బ్యాంకులకు కూడా ఇట్లనే చూడాలా? నేను కోఠిలో తీసుకున్నా.

టెస్ట్ బెంచ్:
వాటికి సులువు తమ్ముడూ. బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) వాళ్ల బీఐఎస్ కేర్ యాప్ డౌన్‌లోడ్ చేసుకో. పవర్ బ్యాంకు, ఫోన్ చార్జర్, ఎల్ఈడీ బల్బు లాంటి వాటి మీద బీఐఎస్ గుర్తుతో పాటు 'ఆర్' అక్షరంతో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబర్ ఉండాలి. యాప్‌లో ఆ నంబర్ కొడితే తయారీదారు, బ్రాండ్, మోడల్ వస్తాయి. నంబర్ నిజమైనదే ఉండి, వచ్చిన పేరు ఇంకేదో అయితే అది కాపీ కొట్టిన నంబర్. ఆ యాప్‌లోనే ఫిర్యాదు పెట్టొచ్చు. చాలామంది నంబర్ ఉందా లేదా అని చూసి ఆగిపోతారు, పేరు కలిపి చూడరు.

నాగోల్ రైడర్:
అందరికీ చాలా థాంక్స్. షాపుకి మళ్లీ పోయి, ఏఐఎస్-156 రిపోర్టు కావాలని అడిగాను. మొదట "అన్నీ ఉన్నాయి సార్" అన్నారు, తర్వాత వాట్సాప్‌లో పంపారు. కూర్చుని పేజీ పేజీ చూశాను. రిపోర్టు నిజమైనదే అనిపిస్తోంది. కానీ అది 30 ఆంపియర్ అవర్ ప్యాక్‌ది. నాకు ఇస్తామన్నది 40. తయారీదారు పేరు కూడా వేరే రాష్ట్రం కంపెనీది. ఇదేంటని అడిగితే "సెల్స్ కొంచెం ఎక్కువ పెడతాం అంతే, మిగతాది సేమ్" అన్నారు.

టెస్ట్ బెంచ్:
ఆ "అంతే"లోనే అంతా ఉంది. అదే డబ్బాలో ఎక్కువ సెల్స్ పెట్టాలంటే మధ్య ఎడం తగ్గాల్సిందే. ఇందాక నేను చెప్పిన పక్క సెల్ గీత నిలబడేది ఆ ఎడం వల్లనే. ఇంకో మాట. బండికి అనుమతి వచ్చింది కంపెనీ ప్యాక్‌తో కలిపి. దాన్ని మార్చితే బండిలో మార్పుల గురించి చెప్పే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 దృష్ట్యా, ఇన్సూరెన్స్ దృష్ట్యా క్లెయిమ్ రోజున ప్రశ్న వచ్చే అవకాశం ఉంది. ఇన్సూరెన్స్ వాళ్లను ముందే రాతపూర్వకంగా అడగండి.

ప్యాక్ మేకర్ చర్లపల్లి:
మా లైన్‌లో ఉన్నవాడిగా చెప్తున్నా రైడర్ అన్నా, ఆ ప్యాక్ తీసుకోకండి. ఇంకొకరి రిపోర్టు చూపించి అమ్మడం మా అందరి పేరూ పాడు చేస్తుంది. మీ బండి కంపెనీ ఇంకా నడుస్తోంది కాబట్టి ఈఎంఐ మీద అయినా వాళ్ల ప్యాకే వేయించండి. రాయదుర్గం గారూ, నాలుగు యూనిట్లు కలిసే మాట నిజంగా చేద్దామా? చర్లపల్లిలో మేం ముగ్గురం ఇప్పుడే సిద్ధం.

రాయదుర్గం హార్డ్‌వేర్:
తప్పకుండా. మెసేజ్ చేస్తున్నాను, మా డిజైన్ డ్రాయింగ్స్ తీసుకుని వస్తాను. వెంట్, సెల్ స్పేసింగ్ మొదట అదే కూర్చుని చూద్దాం.

నాగోల్ రైడర్:
కంపెనీ ప్యాకే బుక్ చేశాను, వాయిదాల్లో. ఒక ప్రశ్న మిగిలింది. పాత బ్యాటరీకి ఆ షాపు వాళ్లే మంచి రేటు ఇస్తామంటున్నారు. అమ్మేయనా?

టెస్ట్ బెంచ్:
వద్దు. అవే సెల్స్ కొత్త స్లీవ్ తొడుక్కుని ఇంకొకరి బండిలోకి పోతాయి. 2022 బ్యాటరీ వ్యర్థాల నిబంధనల కింద పాత బ్యాటరీల సేకరణ, రీసైక్లింగ్ బాధ్యత తయారీదారులది. కంపెనీకే ఇచ్చి రసీదు తీసుకోండి. కొత్త ప్యాక్ బిల్లు మీద మోడల్, సీరియల్ నంబర్, కెపాసిటీ మూడూ రాయించుకోండి. రేపు ఏదైనా జరిగితే వినియోగదారుల చట్టం 2019 కింద ప్రొడక్ట్ లయబిలిటీ (వస్తువు లోపం వల్ల జరిగిన నష్టానికి పరిహారం) అడగడానికి ఆ బిల్లే మీ ఆధారం. హెల్ప్‌లైన్ 1915.

సెక్రటరీ, సి బ్లాక్:
ఈ బిల్లు రూల్ మా నోటీసులో కూడా పెడుతున్నాను. మా పార్కింగ్‌లో చార్జింగ్ పాయింట్ కావాలంటే ప్యాక్, చార్జర్ స్టిక్కర్ల ఫొటోలు, బిల్లు కాపీ ఆఫీసులో ఇవ్వాలి. ఎలక్ట్రీషియన్ శనివారం వస్తున్నాడు, వేరే లైను లాగించడానికి ఓపెన్ పార్కింగ్‌లో ఉత్తరం గోడ పక్క చోటు ఖాయం చేశాం. టెస్ట్ బెంచ్ గారూ, బండికీ బండికీ మధ్య ఎంత దూరం ఉంచమంటారు?

టెస్ట్ బెంచ్:
చోటు కొలతలు, ఫొటో పంపండి సార్. ఎంత ఎక్కువైతే అంత మంచిది. గోడకి పీవీసీ షీట్లు, పైన చెక్క కప్పు లేకుండా చూసుకోండి.